కాలు తగిలిన కర్ర

ఐర్లండ్ వాళ్ళ కర్రాబంతి ఆట హర్లింగ్‌లో కింద పడ్డ బంతిని చేత్తో తీయకూడదు. కర్రతోనో కాలితోనో పైకి లేపాలి. లేచాక చేత్తో అందుకోవచ్చు, లేదా గాల్లో ఉండగానే కొట్టేయొచ్చు. ఈ ఆటలో నాకు మొదట అర్థమైంది ఇదే. మా గుంటూరు వైపు పల్లెలో చిన్నప్పుడు మేం కర్రాబిళ్ళ ఆడిందీ ఇలాగే. బిళ్ళ కొన మీద కర్రతో చిన్న దెబ్బ వేస్తే అది లేస్తుంది. లేచిన బిళ్ళను కింద పడేలోగా కొట్టాలి. మా వీధిలో మగపిల్లలందరికన్నా నా బిళ్ళే దూరం వెళ్ళేది. గొప్పకు చెప్పడం లేదు, ఆ మగపిల్లలే ఇప్పుడు బట్టతలలు వేసుకుని వాట్సాప్‌లో ఒప్పుకున్న మాట చెబుతున్నాను.

నేను పెద్దమనిషిని కావడంతో ఆ ఆట ముగిసింది. పట్టులంగా కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, అందరూ అక్షింతలు వేసి వెళ్ళాక చూస్తే నా కర్ర లేదు. అమ్మ దాన్ని నీళ్ళపొయ్యిలో పెట్టేసింది. "ఇంకా కర్రెందుకే నీకు" అంది. కోపంగా కూడా అనలేదు. నేను అలిగి అన్నం మానేశాను, తర్వాత ఆకలేసి తిన్నాను. కానీ ఆ మంట నాలో ఆరలేదు.

సిడ్నీ వచ్చి ఇరవై ఏళ్ళు కావస్తోంది. ఇల్లు గిరావీన్‌లో, ఆఫీసు పారమట్టాలో. ఈ ఇరవై ఏళ్ళూ నేను చేసిన పనులన్నీ ఎవరికో ఒకరికి కావలసినవే. కారు నేర్చుకున్నది అమ్మాయిని తిప్పడానికి. ఉగాది పోట్లక్‌కి పులిహోర కలిపేది అసోసియేషన్ వాళ్ళు అడిగారని. చివరికి వాకింగ్ కూడా డాక్టరు చెప్పాడనే మొదలుపెట్టాను.

ఆ వాకింగ్‌లోనే ఒక శనివారం, మా ఇంటికి కొంచెం దూరంలో ఉన్న మైదానంలో, హెల్మెట్లు పెట్టుకున్న ఆడవాళ్ళు కొందరు కర్రలతో ఒకరి మీద ఒకరు పడటం చూశాను. కొట్టుకుంటున్నారనే అనుకున్నాను. ఇంతలో వాళ్ళ బంతి దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. గట్టున ఎవరిదో కర్ర పడి ఉంది. కొన దగ్గర వెడల్పుగా, గరిటెలా ఉంది. ఎందుకు తీశానో తెలియదు. తీశాను, బంతిని లేపాను, కొట్టాను. అది వాళ్ళందరి తలల మీంచి వెళ్ళి అవతలి గోల్ స్తంభాల వెనక పడింది.

మైదానం అంచున మడతకుర్చీలో, మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. చెయ్యూపి నన్ను పిలిచింది. "ఎక్కడ నేర్చుకున్నావ్?" అని అడిగింది. మా ఊరి పేరు చెప్పాను. ఆ ఊళ్ళో హర్లింగ్ ఆడతారని తనకు తెలియదంది. లేదండీ, ఇది వేరే ఆట, బంతి కూడా ఉండదు, చెక్కముక్క అని చెప్పబోయి, చెప్పలేక, నవ్వి ఊరుకున్నాను. "మంగళవారం సాయంత్రం రా" అంది.

ఆవిడకు తొంభై దగ్గరపడుతున్నాయి. ఐర్లండ్‌లో పుట్టి పెరిగింది. పిల్లగా ఉండగా, అంటే పందొమ్మిది వందల యాభైలలో, వాళ్ళ కౌంటీ ఛాంపియన్‌షిప్‌లో ఆడింది. కౌంటీ అంటే మనకు జిల్లా లాంటిది. ఆడవాళ్ళు ఆడితే ఈ ఆటను కామోగీ అనాలట, ఆవిడ మాత్రం హర్లింగ్ అనే అంటుంది, అందుకని నేనూ అంతే. మా జట్టు కెప్టెన్ ఆవిడ మనవరాలు, ఆస్పత్రిలో నర్సు. మనవాళ్ళ అలవాటు ప్రకారం నేను పెద్దావిడను ఆంటీ అన్నాను. "నేను నీకు ఎటువైపు ఆంటీని?" అని మొదట్లో అడిగింది గానీ, కొన్నాళ్ళకి అలా పిలవకపోతేనే చూసేది కాదు.

మా ఆయన మంచివాడు, కానీ నోరు ఊరుకోదు. "ఈ వయసులో కర్రసామా?" అన్నాడు. అమ్మ వీడియో కాల్‌లో విని, "నడుం పట్టేస్తే నీకెవరు చేస్తారే అక్కడ" అంది. నేను మంగళవారం వెళ్ళాను, ఆ పై మంగళవారం కూడా వెళ్ళాను. సొంతంగా కర్ర కొనుక్కున్నాను. నాదని చెప్పుకోవడానికి నేను తెచ్చుకున్న వస్తువు ఈ దేశంలో అదొక్కటే. ఈసారి దీన్ని ఎవరి పొయ్యిలోకీ పోనివ్వనని గట్టిగా అనుకున్నాను.

దసరా వచ్చింది. ఆయుధపూజకు మా ఆయన కారుకు, లాప్‌టాప్‌కు బొట్లు పెట్టాడు. అమ్మాయి కూచిపూడి గజ్జెలు పీట మీద పెట్టాం. నేను నా కర్ర తెచ్చి గజ్జెల పక్కన పెట్టి, పసుపు రాసి కుంకుమ దిద్దాను. ఎంత మురిసిపోయానో. నా గొయ్యి నేనే తవ్వుకుంటున్నానని అప్పుడు తెలియలేదు. ఒకసారి బొట్టు పెట్టాక అది ఉత్త కర్ర కాదు కదా.

చలికాలంలో సీజన్ మొదలైంది. జట్టుకు తొమ్మిది మంది ఆడాలి, మేం మొత్తం పదిమందిమే. మొదటి మ్యాచ్ గెలిచాం. రెండో మ్యాచ్‌లో, మా గోల్ ముందు ఒక తోపులాటలో, నా కర్ర చేతిలోంచి జారింది. తీసుకోబోతూ దాని మీద కాలేశాను.

ఆ తర్వాత ఏం చేశానో నాకు తెలియదు, గట్టు మీంచి ఎవరో తీసిన వీడియోలో చూశాను. బంతి నా పక్కనే ఉంది. నేను వంగి, కర్రను తాకి, ఆ వేళ్ళను హెల్మెట్ ఊచల మీంచే కళ్ళకద్దుకున్నాను. ఎంతో భక్తిగా, తాపీగా. ఎదుటి జట్టు పిల్ల బంతి లేపుకుని నా వీపు మీంచి గోల్‌లోకి కొట్టింది. గోల్ అంటే మూడు పాయింట్లు. మేం ఓడింది ఆ మూడు పాయింట్లతోనే.

"ఏమైంది? కంట్లో ఏమైనా పడిందా?" అని అడిగింది కెప్టెన్. నేను చెప్పాను. పుస్తకానికి గాని, మనిషికి గాని, పూజ చేసిన వస్తువుకు గాని కాలు తగిలితే అలా చేస్తామని. ఆ అమ్మాయి ఓపిగ్గా విని, "అర్థమైంది. కానీ ఇంకోసారి అలా అయితే నిన్ను పక్కన కూర్చోబెట్టాలి. మిగతా వాళ్ళందరూ కూడా ఆడటానికే వస్తున్నారు" అంది. న్యాయమైన మాట. న్యాయమైన మాటకు కోపం ఎక్కువ వస్తుంది నాకు, తిరిగి అనడానికి ఏమీ ఉండదు కాబట్టి.

ఇంటికెళ్ళి పంతం పట్టాను. గరాజ్‌లో కర్రను నేల మీద పడేసి, దాని మీద కాలేసి, వంగకుండా నిలబడటం ప్రాక్టీసు. కాలు వేస్తాను, చెయ్యి దిగుతుంది. చేతులు వెనక్కి కట్టుకుంటే తల వంగుతుంది. మా ఆయన తలుపు దగ్గర టీకప్పుతో నిలబడి, "గంట, హారతి కూడా తెమ్మంటావా?" అన్నాడు. కర్ర జారుతోంది, పట్టు బాగాలేదు అన్నాను. "ఆడలేక మద్దెల ఓడట" అన్నాడు. అమ్మనడిగితే ఇంకా నయం. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదే. అయినా అది మంచి బుద్ధే కదా, ఎందుకు పోగొట్టుకోవడం?" అంది.

అదే నా బాధ కూడా. అది చెడ్డ అలవాటైతే ఎప్పుడో వదిలించుకునేదాన్ని. పారమట్టా రైల్లో నా బూటు ఎవరి బ్యాగుకు తగిలినా చెయ్యి దానంతటదే వెళుతుంది. ఆ తెల్లాయన కంగారుపడి బ్యాగు దగ్గరికి లాక్కుంటాడు, అయినా వెళుతుంది. నాకు ఊహ తెలియకముందే ఎవరో నా చేతికి నేర్పేశారు. ఇప్పుడు నా మాట అది వినదు.

ఆ పై మ్యాచ్‌లో పిడికిళ్ళు బిగించుకుని ఆడాను. రెండో సగంలో మళ్ళీ కాలు తగిలింది. పూర్తిగా వంగలేదు, సగమే వంగాను, బంతి మాత్రం పూర్తిగా పోయింది. కెప్టెన్ చెయ్యెత్తి నన్ను బయటికి పిలిచింది. పదో అమ్మాయి నా బదులు లోపలికి పరుగెత్తింది.

వెళ్ళి ఆంటీ కుర్చీ పక్కన గడ్డిలో కూర్చున్నాను. హెల్మెట్ తీయలేదు, ఏడుస్తున్నట్టు కనబడకూడదని. ఆవిడ ఆట వైపే చూస్తూ మాట్లాడింది. ఇంగ్లీషులోనే చెప్పింది, నాకు మాత్రం తెలుగులో గుర్తుండిపోయింది.

"ఆ ఏడు మా ఊరి జట్టు ఎవరి చేతిలోనూ ఓడలేదు. పొలం పని అయ్యాక సైకిళ్ళేసుకుని వెళ్ళి ఆడేవాళ్ళం. బూట్లు లేని పిల్లలు అన్నల బూట్లలో గుడ్డలు కుక్కుకుని వచ్చేవాళ్ళు. కౌంటీ ఫైనల్ మా ఊళ్ళోనే పడింది, వేసవికాలం, సాయంత్రం, చర్చి పక్క మైదానంలో. ఆఖరి నిమిషాలు. స్కోరు సమం. బంతి నా ముందుంది, నా ఎదురుగా గోల్. అప్పుడు ఆరింటి గంట మోగింది."

గంట మోగితే ఏమిటని అడిగాను.

"మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి చర్చి గంట మోగుతుంది. ఎక్కడివాళ్ళు అక్కడ ఆగి, సిలువ గుర్తు వేసుకుని, ప్రార్థన చెప్పుకోవాలి. దున్నేవాడు గుర్రాన్ని ఆపుతాడు, పిండి కలిపే మా అమ్మ చేతులు తుడుచుకుంటుంది. నేను పుట్టినప్పటి నుంచీ అంతే. నా చెయ్యి కర్ర వదిలి నుదుటికి వెళ్ళింది. ఎదుటి పిల్ల పట్నం పిల్ల, ఆ పిల్ల చెయ్యి కర్ర వదల్లేదు."

"తర్వాత?"

"బంతి లాక్కుని మా గోల్ వైపు కొట్టింది, అక్కడ వాళ్ళకు పాయింటు వచ్చింది, ఓడిపోయాం. వచ్చే ఏడు గెలుద్దువులే అన్నారందరూ. వచ్చే ఏడు నేను ఇక్కడికి వచ్చే ఓడ మీద ఉన్నాను." దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుని, "అప్పట్నించి నేను సిలువ గుర్తు వేసుకోలేదు. చర్చికి వెళ్తాను, దేవుడితో మాట్లాడతాను, నా భర్తను పూడ్చినప్పుడు కూడా అందరితోపాటు నిలబడ్డాను. చెయ్యి మాత్రం ఎత్తలేదు. అది దేవుడికీ నాకూ మధ్య ఉన్న గొడవ" అంది.

మరి నేనేం చెయ్యాలి ఆంటీ అన్నాను.

"అది తెలిస్తే ఆ ఫైనల్ గెలిచేదాన్ని" అంది ఆవిడ.

నాకు నవ్వు రాలేదు. ఆవిడ ఒక్క సీజన్ కోసం ఇన్నేళ్ళు దేవుడి మీద అలిగి కూర్చుంది. నేను మళ్ళీ అన్నం మానేసి, మళ్ళీ ఆకలేసి తినే రకాన్ని. ఈసారి అలా కాకూడదు. కర్ర వదలను, కళ్ళకద్దుకోవడమూ వదలను, రెండూ నావే. ఎలాగో తెలియకుండానే ఆ రోజు అలా నిశ్చయించుకున్నాను.

లీగ్‌లో ఒక్క మ్యాచ్ మిగిలింది. గెలిస్తే ఫైనల్‌కి వెళ్తాం, ఓడితే ఇంటికి. పదో అమ్మాయికి ఆ ఆదివారం డ్యూటీ పడింది కాబట్టి నేను తప్పనిసరి. "నువ్వు తప్ప ఇంకెవరూ లేరు" అంది కెప్టెన్. అది పొగడ్త కాదని ఇద్దరికీ తెలుసు. మళ్ళీ అలాగే చేస్తే, ఫైనల్‌కి వెళ్ళినా నన్ను ఆడించనని కూడా చెప్పింది.

ఆ శుక్రవారం అమ్మాయిని కూచిపూడి క్లాసుకు తీసుకెళ్ళాను. గిరావీన్‌లో ఒక హాలు అద్దెకు తీసుకుని టీచరుగారు నేర్పిస్తారు. ఎన్నో ఏళ్ళుగా ఆ హాలు వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకోవడమే నా పని. ఆ రోజు ఫోన్‌లో చార్జింగ్ లేదు, తలెత్తాను. పిల్లలందరూ వరసగా నిలబడి, కూర్చుని, రెండు చేతులతో నేలను తాకి, ఆ చేతుల్ని కళ్ళకద్దుకున్నారు. తర్వాత లేచి ఆ నేలనే గంటసేపు ఎడాపెడా తన్నారు. గజ్జెలు తెగి పడ్డాయి, ఒక పిల్ల ఇంకో పిల్ల కాలు తొక్కింది, ఎవరూ వంగలేదు. క్లాసు అయ్యాక మళ్ళీ అందరూ కూర్చుని నేలను తాకి కళ్ళకద్దుకున్నారు.

కారులో అమ్మాయిని అడిగాను. "మొదట్లో ఆ దణ్ణం ఎందుకు పెడతారే?"

"బికాజ్ వీ స్టాంప్ ఆన్ భూదేవి, అమ్మా. సో వీ సే సారీ ఫస్ట్."

"మరి మధ్యలో కాలు ఎక్కడైనా తగిలితే?"

"మధ్యలో ఆపితే టీచర్ విల్ కిల్ అస్. ఎనీవే, ఎండ్‌లో మళ్ళీ చేస్తాం కదా." చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటూ, "యూ పే ఫర్ దిస్ క్లాస్, యూ షుడ్ నో" అని కూడా అంది.

నేను సిగ్నల్ దగ్గర ఆకుపచ్చ లైటు పడినా కదల్లేదు. వెనకవాడు హారన్ కొట్టాడు.

ఆదివారం పొద్దున మైదానానికి అందరికన్నా ముందు వెళ్ళాను. గడ్డి మీద మంచు ఇంకా ఉంది. కర్రను నేల మీద పెట్టాను. కావాలనే కుడికాలు తీసి దాని మీద వేశాను, ఎడమకాలూ వేశాను. తర్వాత కూర్చుని, కర్రను, నేలను తాకి కళ్ళకద్దుకున్నాను. అమ్మా, ఇవాళ తగలబోయే వాటన్నిటికీ ఇదే, మిగతాది ఆట అయ్యాక అని పైకే చెప్పుకున్నాను. లేచి చూస్తే కుర్చీలో ఆంటీ ఉంది. కెప్టెన్ ఆవిడను దింపి, వలలు తేవడానికి వెళ్ళినట్టుంది.

ఆ మ్యాచ్ గురించి చెప్పాలంటే, మేం బాగా ఆడలేదు, వాళ్ళు మాకన్నా బాగా ఆడలేదు. చలికి చేతులు తిమ్మిరెక్కాయి. నా బూట్లు ఎందరి బూట్లను తొక్కాయో లెక్కలేదు. తొక్కిన ప్రతిసారీ చెయ్యి కదిలింది. తర్వాత, తర్వాత అని దాన్ని బుజ్జగించాను, చంటిపిల్లను బజార్లో బుజ్జగించినట్టు. నమ్ముతారో లేదో, అది విన్నది. వద్దంటే ఒక్కనాడూ వినని చెయ్యి, తర్వాత అంటే విన్నది.

ఆఖర్లో మేం ఒక్క పాయింటు ముందున్నాం. బంతి మా గోల్ ముందు పడింది, అందరం దాని మీద పడ్డాం. ఎవరి కర్రో నా మణికట్టుకు తగిలి నా కర్ర జారిపోయింది. అది ఇంకో కర్ర మీద అడ్డంగా పడింది. నేను బంతి కోసం ముందుకు వేసిన కాలు సరిగ్గా దాని నడుం మీద పడింది. కాలికింద ఫట్‌మని విరగడం తెలిసింది.

నేను పసుపు రాసిన కర్ర. నేను నా కాలితోనే విరగ్గొట్టాను. చెయ్యి కిందికి వెళ్ళబోయింది, ఈసారి దాన్ని బుజ్జగించడానికి కూడా సమయం లేదు. తర్వాత అని గట్టిగా అరిచాను, తెలుగులో, ఎవరికీ అర్థం కాకుండా. బూటు ముందు భాగంతో బంతిని పైకి లేపి, చేత్తో అందుకుని, అరచేత్తో బలంకొద్దీ చరిచాను. అది పక్కన ఉన్న కెప్టెన్ దగ్గర పడింది. ఆ అమ్మాయి దాన్ని మైదానం అవతలికి కొట్టింది. బంతి ఇంకా గాల్లో ఉండగానే రిఫరీ విజిల్ వేశాడు.

అందరూ కెప్టెన్ మీద పడి గంతులేస్తున్నారు. నేను వెనక్కి వెళ్ళాను. విరిగిన ముక్కలు రెండూ బురదలో ఉన్నాయి. కూర్చుని, వాటిని తీసి, ఒళ్ళో పెట్టుకుని, హెల్మెట్ తీసేసి, ఒక్కో ముక్కనూ కళ్ళకద్దుకున్నాను. నేలను తాకి ఇంకోసారి. తొక్కిన బూట్లన్నిటికీ కలిపి ఇంకోసారి. అప్పుడు ఏడ్చాను, ఎవరు చూస్తే నాకేమని. అమ్మ పొయ్యిలో పెట్టిన కర్రకు కూడా ఆ రోజే ఏడ్చాననుకుంటాను. కెప్టెన్ వచ్చి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "ఫైనల్‌కి నాన్నమ్మ దగ్గరున్న కొత్త కర్ర తెస్తాను. నువ్వు తొందరేం పడకు, కానివ్వు" అంది.

ముక్కలు పట్టుకుని ఆంటీ దగ్గరికి నడిచాను. ఇంకా కొంచెం దూరంలో ఉండగానే ఆగిపోయాను.

ఆవిడ దుప్పటి పక్కన పెట్టి, కుర్చీ చేతుల మీద బరువేసి లేచి నిలబడింది. ఆటంతా అయిపోయిన ఖాళీ మైదానం వైపు చూస్తోంది. దగ్గర్లో ఎక్కడా చర్చి లేదు, ఏ గంటా మోగలేదు. ఆవిడ కుడిచెయ్యి మెల్లగా లేచింది. నుదుటి మీదికి, గుండెల మీదికి, ఎడమ భుజానికి, కుడి భుజానికి. ఇన్నేళ్ళయినా చెయ్యి దారి మరిచిపోలేదు. పెదాలు చాలాసేపు కదిలాయి.

నేను దగ్గరికి వెళ్ళి ఆవిడ మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. నా చేతిలోని ముక్కల్ని తీసుకుని, విరిగిన చోట బొటనవేలితో నిమిరింది.

"నా మ్యాచ్ ఇప్పుడు అయిపోయింది" అంది.